ఒడ్డున కూర్చునే హక్కు

వాల్తేరులో చదువుకుంటూ సముద్రమంటే సరదా లేదనడం పెళ్ళిపందిట్లో కూర్చుని పాయసం వద్దన్నట్టు ఉంటుంది. ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్ళు జాలిపడి, "ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. సెలవులకు ఇంటికి వెళితే అక్కడా ఇదే వరస. మాది అనంతపురం జిల్లా. వానకోసం ఆకాశంకేసి చూసే ఊరు. "నీకేంరా, రోజూ బీచిలో షికార్లు" అంటారు మావాళ్ళు. దూరపు కొండలు నునుపన్నారు గాని దూరపు కెరటాల సంగతి పెద్దలెవరూ చెప్పినట్టు లేదు.

చెప్పొద్దూ, నాకు బీచి షికారు మీద పెద్ద మోజు లేదు. సాయంత్రం ఆరు గంటలకు రామకృష్ణా బీచికి వెళ్ళి చూడండి. సముద్రం కంటే ముందు జనం వీపులు కనిపిస్తాయి. బజ్జీలు, మురీ మిక్చరు, మొక్కజొన్న కండెలు, గుర్రం సవారీ. ఫోనుకి మొహమూ, సముద్రానికి వీపూ చూపించి నవ్వేవాళ్ళు సరేసరి. 2002 నుంచీ కురుసుర సబ్‌మెరీను ఆ ఒడ్డునే మ్యూజియంగా కూర్చుని ఉంది. నీళ్ళలో ఉండవలసింది ఒడ్డుమీదా, ఒడ్డుమీద ఉండవలసిన మనం నీళ్ళలోనూ!

సరే, ఎవరి సరదా వారిది. కెరటాల్లో గంటలు గంటలు ఆడేవాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా మనవాళ్ళ ఆచారం ఒకదానితో.

కొత్తగా చేరిన పిల్లలను మొదటి ఆదివారమో రెండో ఆదివారమో బీచికి తీసుకెళ్తారు. బాగానే ఉంది. అక్కడ సముద్రం చూడనివాడు ఎవడా అని వెదుకుతారు. రాయలసీమవాడో, తెలంగాణవాడో ఒకడు దొరుకుతాడు. నలుగురు కలిసి వాణ్ణి నీళ్ళలోకి లాగుతారు. రానంటే, "ఏరా, ఆడపిల్లలా భయమా?" అంటారు. (ఆడపిల్లలకు భయమని వీళ్ళకెవరు చెప్పారో!) అప్పటికీ రాకపోతే వాడికి అందరి చెప్పులూ కాపలా. మా బ్యాచిలో ఒకణ్ణి ఇలాగే లాగితే మొదటి కెరటానికే బోర్లాపడి, ఉప్పునీళ్ళు మింగి, కళ్ళజోడు పోగొట్టుకుని లేచాడు. అందరం నవ్వామనుకోండి. వాడూ నవ్వాడు. కాని ఆ తర్వాత నేను చూసినంతవరకూ మళ్ళీ బీచిరోడ్డు దాటి ఇసుకలోకి రాలేదు.

మన రాష్ట్రంలో ర్యాగింగును నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. ఇష్టం లేనివాణ్ణి సముద్రంలోకి ఈడ్వడం కూడా ర్యాగింగే గదా అంటే మావాళ్ళు నొచ్చుకుంటారు. "అది స్నేహం రా!" అంటారు. "భయం పోగొట్టడానికే" అంటారు. భయం అన్ని వేళలా పోగొట్టవలసిన జబ్బేనా? కాలేజీలు తెరిచే రోజులు ఎప్పుడో చూడండి. నైరుతి రుతుపవనాల కాలం. సముద్రం మంచి పొగరు మీద ఉండే రోజులు. సరిగ్గా అప్పుడే మన స్వాగత సత్కారం!

ఈతవచ్చినవాడికి ఫరవాలేదనుకోవడం ఇంకో భ్రమ. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి గదా. అది అన్నిచోట్లా సమానంగా పోదు. ఇసుక దిబ్బల మధ్య సందు దొరికినచోట కాలవలాగా ఒక్కచోట చేరి లోపలికి లాగుతుంది. దాన్నే రిప్ కరెంటు అంటారు. తమాషా ఏమిటంటే, అక్కడ కెరటాలు అంతగా విరగవు. అటూ ఇటూ నురగలు, మధ్యలో కాస్త నల్లగా, నిమ్మళంగా నీళ్ళు. కొత్తవాడు అదే మంచిచోటని అక్కడే దిగుతాడు. ఇలాంటి ప్రవాహం సెకనుకు రెండు మీటర్లకు పైగా పోయిన సందర్భాలున్నాయి. ఒలింపిక్ ఈతగాళ్ళు వంద మీటర్ల పందెంలో పోయే వేగం ఇంచుమించు అంతే. దానికి ఎదురీది ఒడ్డుకు రావాలనుకున్నవాడు అలసిపోయి మునుగుతాడు. కంగారుపడకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ కాలవ దాటాక ఒడ్డుకు తిరగాలి. ఈ నాలుగు ముక్కలూ మనలో ఎంతమందికి తెలుసు? ఏటా పేపర్లో మాత్రం "విద్యార్థులు గల్లంతు" అని చదువుతూనే ఉన్నాం. గల్లంతట! జేబులోంచి పెన్ను జారిపోయినట్టు.

నిన్న మోకాలిలోతున్న చోట ఇవాళా మోకాలిలోతే ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. 1950లలో అమెరికా నుంచి వచ్చిన లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు మన యూనివర్సిటీ వాళ్ళతో కలిసి ఈ తీరం మీది ఇసుక రాకపోకలను పరిశీలించాడు. నైరుతి రోజుల్లో ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్యపు రోజుల్లో కొంత వెనక్కి వస్తుంది. 1933లో రేవు తెరిచారు, 1976లో ఔటర్ హార్బరు వచ్చింది. ఆ గోడలు దక్షిణం నుంచి వచ్చే ఇసుకకు అడ్డుపడతాయి. అందుకే డ్రెడ్జరుతో తోడిన ఇసుకను తెచ్చి బీచిలో పోయిస్తూ వచ్చారు. అంటే మనం బోర్లా పడుకుని ఫోటోలు దిగే ఇసుకలో కొంత అరువు సొమ్మన్నమాట. ఇంత శాస్త్రం మన గడపలో పుట్టింది. సముద్ర శాస్త్రం చెప్పే డిపార్టుమెంటు మన ఆవరణలోనే ఉంది. ఫస్టియర్ కుర్రాడికి మాత్రం నీళ్ళలోకి దిగేముందు మనం చెప్పేది, "దూకరా, ఏం కాదు!"

నాకు సముద్రం బొత్తిగా గిట్టదనుకునేరు. తెల్లవారుజామున జాలారిపేట వైపు వెళ్ళి కూర్చోవడం నాకిష్టం. పడవలు ఒడ్డుకు చేరుతుంటాయి. వలలు దులుపుతారు, ఆడవాళ్ళు తట్టలతో బేరాలకు దిగుతారు. వాళ్ళు చేపలు పట్టడానికి వెళ్ళామనరు, వేటకు వెళ్ళామంటారు. ఆ మాటలోనే ఉంది, అవతలివాడూ బలమైనవాడేనని. పడవ తోసేముందు వాళ్ళు కెరటాలకేసి చూస్తూ నిలబడతారు. సమయం చూసి తోస్తారు. ఇవాళ బాగాలేదనిపిస్తే మానేస్తారు. ఆ పూట మానేసినవాణ్ణి పిరికివాడని ఎవరూ అనగా నేను వినలేదు. పుట్టినప్పటినుంచీ నీళ్ళు తెలిసినవాడికి వద్దనుకునే స్వేచ్ఛ ఉంది. నిన్న రైలు దిగినవాడికి లేదు!

యూనియన్ మిత్రులకు ఒక మనవి. స్వాగత సభకు దండలకూ మైకులకూ ఖర్చు పెడుతున్నారు గదా. బీచి ప్రయాణానికి ముందు ఒక గంట కేటాయించండి. సముద్ర శాస్త్రం చెప్పే మాస్టారినొకరినీ, జాలారిపేట నుంచి ఒక పెద్దాయననూ పిలవండి. ఇద్దరినీ ఒకే వరుసలో కుర్చీలు వేసి కూర్చోబెట్టండి. పెద్దాయనకూ శాలువా కప్పండి. నీళ్ళు ఎలా లాగుతాయో, ఎక్కడ దిగకూడదో ఆయనచేత ఒడ్డునే వేలుపెట్టి చూపించమనండి. తర్వాత దిగదలచుకున్నవాడు దిగుతాడు. దిగనన్నవాడికి చెప్పుల కాపలా మాత్రం వేయకండి. మురీ మిక్చరు పొట్లం ఒకటి ఎక్కువ ఇప్పించండి, కూర్చుని తింటాడు.