నర్సింగు చదివే ఆడపిల్లలకు కెమిస్ట్రీ ఎందుకు కొరుకుడు పడటం లేదు?

ఇంటర్లో బైపీసీ చదివి, మంచి మార్కులతోనే బి.ఎస్సీ. నర్సింగులో చేరిన మన ఆడపిల్లలు కొందరు మొదటి సంవత్సరం బయోకెమిస్ట్రీ దగ్గరే కుదేలవుతున్నారు. "మన పిల్లకు రాదులే" అని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. చదువు మాన్పించి పెళ్ళి మాటలు మొదలుపెట్టినవారూ ఉన్నారు. ఇది తొందరపాటు. లోపం పిల్ల తెలివిలో లేదు.

సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉంటుంది. అంటే లీటరులో 9 గ్రాముల ఉప్పు. ఇంతవరకు బట్టీపట్టిన అమ్మాయి చక్కగా రాసేస్తుంది. అరలీటరు సీసాలో ఎంత అని తిప్పి అడిగితే ఆగిపోతుంది. నాలుగున్నర గ్రాములని చెప్పడానికి చిన్న తరగతుల లెక్కలు చాలు. నేను గమనించినంతలో చాలామంది తప్పేది కెమిస్ట్రీలో కాదు, దశాంశాలలో, నిష్పత్తులలో.

ఇది మార్కుల గొడవ మాత్రమే కాదు. పొటాషియం క్లోరైడ్ పది మిల్లీలీటర్ల ఆంపూల్‌లో సాధారణంగా 1.5 గ్రాముల మందు ఉంటుంది. దానిని సెలైన్‌లో బాగా కలిపి నెమ్మదిగా ఎక్కించాలి. నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోవచ్చు. రక్తంలో పొటాషియం పని ఏమిటో అర్థమైన నర్సు ఆ సిరంజి పట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగుతుంది.

నేను మదర్సాలో చదివినవాణ్ణి. కంఠస్థం చేయడాన్ని తక్కువ చేయను. అయితే హిఫ్జ్ చేసే పిల్లవాడు రోజూ కొత్త సబఖ్‌తోపాటు పాత పాఠం, అంటే ఆమూఖ్తా కూడా ఖురాన్ మూసి ఉస్తాద్‌కు అప్పజెబుతాడు. మన అమ్మాయిలు పరీక్షకు వారం ముందు పుస్తకం తెరిచి, రంగు పెన్నుతో గీతలు గీస్తూ కూర్చుంటారు. ఒకే పాఠాన్ని పదేపదే చదివినవారికన్నా, చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తున్నదని 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించారు. మన ఉస్తాదులకు ఇది కొత్త సంగతేమీ కాదు!

అయితే కెమిస్ట్రీలో అప్పజెప్పవలసింది మాటలను కాదు, కారణాన్ని. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 అంటే సరిపోదు. భయంతో గబగబా ఊపిరి వదిలే రోగికి అది ఎందుకు పెరుగుతుంది? కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో ఆమ్లం తగ్గుతుంది గనుక. ఈ మాట ఇంగ్లీషులో రాకపోతే అమ్మీకి ఉర్దూలోనో తెలుగులోనో చెప్పి చూడాలి. నిజాం కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం కెమిస్ట్రీని ఉర్దూలోనే బోధించేది కదా. అర్థమయ్యాక ఇంగ్లీషు పేర్లు వాటంతట అవే అతుక్కుంటాయి.

తల్లిదండ్రులు చేయవలసింది కూడా ఉంది. పిల్ల కాలేజీ నుంచి రాగానే రొట్టెలు చేయమని వంటింట్లోకి పిలవకండి. రోజుకొక గంట ఆమెకు వదలండి. ఆ గంటలో అయిదు లెక్కలు, చేత్తో, కాగితం మీద. మసీదు కమిటీలకు ఒక మనవి. ఇంటర్ ఫలితాలు వచ్చాక నర్సింగు కాలేజీ తెరిచేలోపు పది రోజులు ఒక గది ఇచ్చి, లెక్కల టీచరమ్మను పిలిపించి, ఆడపిల్లలకు దశాంశాలు, నిష్పత్తులు చెప్పించడానికి ఎంత ఖర్చవుతుంది?