ఛిల్లా అయిపోతే బాధ కూడా అయిపోతుందా?

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంకల్లోనైనా మన ఇళ్లలో జచ్చా ఏడిస్తే ఒకటే మాట: "అల్లా బంగారంలాంటి బచ్చానిచ్చాడు, ఇంకేం తక్కువైందే? నాషుక్రీ!" అది కాదంటే నజర్. నజర్ కాదంటే అసర్. ఆమిల్‌కి ఇవ్వడానికి పైసలుంటాయి, డాక్టర్ దగ్గరికి ఆటో దొరకదు.

కాన్పయిన మొదటి రెండు వారాలు ఏడుపొచ్చి పోవడం మామూలే. పోకుండా ముదిరితే, బచ్చా పడుకున్నా తల్లికి నిద్రపట్టకపోతే, అది బీమారీ. కాన్పయిన ఆడవాళ్లలో దాదాపు 13 శాతం మందికి మానసిక సమస్య వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఏడాదిలోపు ఎప్పుడైనా మొదలవ్వచ్చు. మన ఛిల్లా మాత్రం 40 రోజులే. పసిబిడ్డని చూడ్డానికి ఆశా వర్కర్ వరసగా వచ్చే విజిట్లు 42వ రోజుతో సరి. ఆ తర్వాత ఈమెని అడిగేదెవరు? సాస్ పొయ్యి దగ్గరికి పంపుతుంది, షోహర్ గురకపెడతాడు.

సబర్ అంటే నోరు మూసుకోవడమని ఏ ఆలిమ్ చెప్పాడు? మరియం అలైహిస్సలాం పురిటినొప్పుల్లో, ఇంతకుముందే చచ్చిపోయుంటే బాగుండేదనుకున్నారు. సూరా మరియంలోనే ఉంది. ఆమెని ఎవరూ నాషుక్రీ అనలేదు. దిగులు పడొద్దన్న మాట వినిపించింది, తాగడానికి నీళ్లు, తినడానికి ఖర్జూరాలు దొరికాయి. (మనవాళ్లయితే తావీజు కట్టేవాళ్లు!)

షోహర్ సాబ్, రాత్రిపూట బచ్చాని మీరెత్తుకోండి. 14416, టెలి మానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పాలిచ్చే తల్లి వాడదగ్గ మందులున్నాయి, డాక్టర్ని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఆమె అంటే ఫజర్ దాకా ఆగకండి, ఆ రాత్రే దవాఖానాకి తీసుకెళ్లండి.