బోర్డు పచ్చగా ఉంది, బటన్ మాత్రం కనపడట్లేదు: అజైల్ మీద నా మాట

మీ ఫోన్‌లో ఒక యాప్‌కి అప్‌డేట్ వచ్చింది. పాత బగ్ పోయింది, కొత్తది వచ్చింది. పది రోజుల్లో మళ్లీ ఇంకో అప్‌డేట్! ఇలా ఎందుకో, యాప్‌లు రాసే వైపు నుంచి చెప్తాను. దీని వెనక చాలాసార్లు ఉండేది అజైల్ పద్ధతి.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కలిసి అజైల్ మేనిఫెస్టో రాశారు. 4 విలువలు, 12 సూత్రాలు, అంతే. పాత వాటర్‌ఫాల్ పద్ధతిలో ముందు రిక్వైర్‌మెంట్స్, తర్వాత డిజైన్, కోడింగ్, చివర్లో టెస్టింగ్. తప్పు బయటపడేసరికి నెలలు గడిచిపోయేవి. అజైల్‌లో కొంచెం చేసి, చూపించి, దిద్దుకుంటూ వెళ్తాం. స్క్రమ్‌లో ఆ గడువునే స్ప్రింట్ అంటారు. అది నెలకి మించకూడదు; మా టీమ్‌లో రెండు వారాలు.

లాభం నేను కళ్లారా చూశా. మా బిల్ పేమెంట్ యాప్ మొదటి డెమోలో క్లయింట్, "ఇన్ని స్టెప్పులుంటే ఎవరు కడతారు?" అన్నారు. ఐదు స్క్రీన్లు రెండయ్యాయి. పోయింది రెండు వారాల పనే. వాటర్‌ఫాల్ అయితే ఆ మాట యాప్ మొత్తం అయ్యాక వినేవాళ్లం.

ఇప్పుడు రెండో వైపు. ఫోన్ భాష తెలుగు పెట్టి, ఫాంట్ సైజ్ పెంచితే మా ‘చెల్లించండి’ బటన్ స్క్రీన్ కిందకి జారిపోయేది. టికెట్ వేశాం. "నెక్స్ట్ స్ప్రింట్‌లో చూద్దాం" అన్నారు. దానికి స్టోరీ పాయింట్లు తక్కువ, డెమోలో చూపించడానికి ఏమీ ఉండదు. అలా ఆరు స్ప్రింట్లు గడిచాయి. నేనూ గట్టిగా అడగలేదు. ఒకరోజు ఊరి నుంచి నాన్న ఫోన్: "ఒరేయ్, డబ్బులు కట్టే బటన్ ఎక్కడుందిరా?" ఆ రోజు కూడా మా బోర్డు పచ్చగానే ఉంది!

తర్వాతి డెమో తెలుగులో, పెద్ద ఫాంట్‌తో చూపించా. క్లయింట్ చూశారు. రెండు వారాల్లో బగ్ పోయింది. అంటే పద్ధతి పనిచేసింది, సరైన విషయం చూపించినప్పుడు.

నా ఉద్దేశంలో అసలు సమస్య కొలతలో ఉంది. స్టోరీ పాయింట్ అంటే ఒక అంచనా. దాన్ని మార్కుల్లా లెక్కపెడితే టీమ్ మార్కుల కోసమే పనిచేస్తుంది. 15 నిమిషాల స్టాండప్ హాజరు పట్టీ అయిపోతుంది. మేనిఫెస్టో మీద సంతకం చేసిన డేవ్ థామస్ అయితే 2014లోనే ‘అజైల్ చచ్చిపోయింది’ అని రాశారు. ఆయన కోపం ఆ పేరుతో నడిచే వ్యాపారం మీద, ఆలోచన మీద కాదు. ఇంకోటి, ‘ముందు రిలీజ్ చేద్దాం, తర్వాత సరిచేద్దాం’ అనేది ఫోటో ఫిల్టర్‌కి ఓకే. పేస్‌మేకర్‌కి కుదరదు.

కాబట్టి అజైల్ వద్దనను. ‘పని అయిపోయింది’ అనే ముందు తెలుగులో, పెద్ద ఫాంట్‌లో చూశామా అని అడగాలి. ప్రతి స్ప్రింట్‌లో పాత బగ్‌లకి కొంత టైమ్ పక్కన పెట్టాలి. మీరు కూడా ఈసారి ఒక స్టార్ ఇచ్చి వదిలేయకుండా ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, భాష రాయండి. మా నాన్న ఫోన్ చేసినట్టే, ఆ రివ్యూ ఏదో ఒక టికెట్‌ని పైకి లేపుతుంది.