వెనక సీటు కింద కిటికీ

సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరుగుతుంది గానీ అందుకోదు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు సెకన్లు వినిపించాల్సిన సన్నటి ‘జుయ్’ చప్పుడు వినిపించదు. పెట్రోలు కారున్నవాళ్లు ఆ చప్పుడు ఎలా ఉంటుందో బండి బాగున్నప్పుడే ఓసారి విని గుర్తుపెట్టుకోండి. అది ఫ్యూయల్ పంపుది. అది మూగబోతే బండి కదలదు.

కార్బురేటర్ల కాలంలో చాలా కార్లకు ఈ పంపు ఇంజను పక్కనే ఉండేది. రెండు బోల్టులు విప్పితే చేతికొచ్చేది. ఇంజెక్షన్ బండ్లు వచ్చాక ట్యాంకులో మునిగి కూర్చుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. కొన్ని కార్లలో వెనక సీటు లేపితే కంపెనీవాళ్లే పెట్టిన చిన్న మూత కనబడుతుంది, పంపు అక్కణ్నుంచే మార్చుకోవచ్చు. ఆ మూత లేని కార్లూ ఉన్నాయి. వాటికి పంపు మార్చాలంటే సైలెన్సరు పైపు జరిపి, ట్యాంకు మొత్తం కిందికి దించాలి. సిరిసిల్లలో ఒక్క సాంచె ఆగితే షెడ్డు పైకప్పు విప్పినట్టుంటుంది వ్యవహారం.

కోరుట్లలో మా మేనల్లుడిది అలాంటి బండే. గల్ఫ్ పోయేవాళ్లను శంషాబాద్ విమానాశ్రయానికి చేరవేయడం వాడి బతుకుదెరువు. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. అప్పు చేసి వీసా తెచ్చుకున్న మనిషికి బండి ఆగి విమానం తప్పితే ఆ నష్టం ఎవరు కడతారు? అందుకే పంపు పోయిన రోజు వాడి గొంతులో కంగారు.

“మామా, సీటు కింద రేకు కోస్తే గంటల పంపు మారుస్తా అంటున్నడు మెకానిక్. ట్యాంకు దించుడంటే రోజంతా పడ్తదట. కోపియ్యాల్నా?”

“దేంతోని కోస్తడట?”

“గ్రైండర్‌తోని.”

“మరి ట్యాంకు?”

“పెట్రోలంతా తీసేసిండు మామా. ఖాళీ ట్యాంకే. ఇగ భయమేంది?”

అసలు భయం అక్కడే ఉంది. మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. సున్నాకు 40 డిగ్రీల కింద చలిలో కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరి విడుస్తుంది. ఇక జగిత్యాల మే నెల ఎండ సంగతి వేరే చెప్పాలా? గాలిలో ఆ ఆవిరి ఇంచుమించు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీ చేసిన ట్యాంకులో అడుగున మిగిలిన కాస్త పెట్రోలే దాన్నంతా ఆవిరితో నింపుతుంది. అది గాలి కంటే బరువు కాబట్టి నేలబారున పాకి గుంతల్లో నిలుస్తుంది. దాని మీద గ్రైండర్ రవ్వలు కురిపించడమంటే బండితో పాటు మనిషినీ పణంగా పెట్టడమే.

“గ్రైండర్ పక్కన పెట్టమను. నేనొస్తున్న” అన్నాను.

మెకానిక్ పని తెలిసినవాడే. ఫ్యూజు, రిలే చూసి, పంపు ప్లగ్గు దాకా కరెంటు వస్తోందని తేల్చుకున్నాకే పంపు పోయిందన్నాడు. ముందు పంపు కొనేసి తర్వాత ఫ్యూజు చూసేవాళ్లున్న లోకంలో ఇది మెచ్చుకోదగ్గ గుణం. అతని వాదనా తీసిపారేసేది కాదు. “అన్నా, మల్ల పంపు పోతే మల్ల దించాల్నా? నడి రాత్రి తొవ్వల బండి ఆగితే ట్యాంకు ఎవరు దించుతరు?”

చివరికి ఇలా తేల్చుకున్నాం. ఈసారికి ట్యాంకు దించాల్సిందే. మూతులు మూసి దూరంగా, ఆరుబయట నీడలో పెట్టాలి. పెట్రోలు పైపుల చివరలూ మూయాలి. బ్యాటరీ తీగ విప్పి, తలుపులన్నీ తెరిచి, వాసన పూర్తిగా పోయాకే రేకు మీద చెయ్యి వేయాలి. ట్యాంకు బయట ఉంటే ఇంకో లాభం. పంపు సరిగ్గా ఎక్కడికి వస్తుందో కొలిచి గీత గీయొచ్చు, అందాజు మీద కోయక్కర్లేదు.

రేకులో వంపులు తిరిగిన గట్లు అలంకారానికి కాదు, బలానికి. వాటిని తెంపకూడదు. సీటుబెల్టు బోల్టుల దరిదాపులకు పోకూడదు. కింద వైర్లున్నాయేమో చూడాలి. మూలలు గుండ్రంగా ఉండాలి, లేకపోతే పగులు అక్కడే మొదలవుతుంది. మేం మూలల్లో బెజ్జాలు వేసి, రేకు కత్తెరతో నిదానంగా కోయించాం. అంచులు ఆకురాయితో రాసి, ప్రైమరు, రంగు వేయించాం. మూత రేకు సిరిసిల్లలో సాంచెల పనిముట్లు చేసే ఒకాయన చేసిచ్చాడు. కోసిన కంతకు నాలుగు వైపులా అంగుళం ఎక్కువ, కింద రబ్బరు, చుట్టూ సీలెంటు. స్క్రూలు పొట్టివి, ట్యాంకుకు తగలనివి.

సీలెంటు దగ్గర పిసినారితనం వద్దు. సందు మిగిలితే పెట్రోలు ఆవిరే కాదు, సైలెన్సరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికి రావచ్చు. దానికి రంగూ వాసనా లేవు. ఆ మూత మీద కూర్చునేది మన పిల్లలే.

మరి ప్రతి కారుకూ ఈ కిటికీ కావాలా? అక్కర్లేదు. ఇంటి అవసరాలకు తిరిగే బండైతే ట్యాంకు దించి మంచి పంపు వేయించుకుంటే ఏళ్ల తరబడి ఆ మాటే ఎత్తక్కర్లేదు. తరచూ పంపు కాలిపోతోందంటే కోయాల్సింది రేకు కాదు, వెతకాల్సింది కారణం. ఎప్పుడూ రిజర్వులోనే నడిపితే పంపు వేడెక్కుతుంది. ట్యాంకు అడుగున చెత్త చేరితే జల్లెడ మూసుకుపోయి పంపు మీద భారం పడుతుంది. పావు ట్యాంకుకు తగ్గకుండా చూసుకోండి.

కోయించుకున్నవాళ్లు బండి అమ్మేటప్పుడు ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పండి. ఇక ఏ బండిలోనైనా సరే, లోపల పెట్రోలు వాసన వస్తే సెంటు కొట్టి సరిపెట్టుకోకండి. బండి ఆపి, అందరూ దిగి, మెకానిక్‌ను పిలిపించండి.