అడిగి చెయ్యండి, కానీ చెయ్యకుండా వదిలెయ్యకండి



గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి మాట్లాడాలంటే మనకు సిగ్గు. అందులో హెచ్‌ఐవీ మాట కూడా కలిస్తే ఇంక నోరే లేవదు. ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మనం. మనమే ఎత్తకపోతే ఈ మాట ఎవరెత్తుతారు?

ఈ క్యాన్సర్ దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. అది ఆడా మగా ఇద్దరికీ, లైంగిక సంబంధం ఉన్న చాలామందికి, ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. కాబట్టి దీన్ని పట్టుకుని ఎవరి నడవడికనూ అనకూడదు. ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం ఉండిపోయి 15–20 ఏళ్లకు క్యాన్సర్‌గా మారొచ్చు. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని ఆడవాళ్లలో 5–10 ఏళ్లకే మారొచ్చు. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు ఈ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ అంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అందుకే మిగతావాళ్లకు 30 ఏళ్లకు మొదలయ్యే పరీక్ష వీళ్లకు 25కే మొదలవ్వాలి. టీకా కూడా కనీసం రెండు డోసులు, వీలైతే మూడు పడాలి.

ఐతే ఈ టీకా అంటే మన పెద్దోళ్లకు భయం. అది ఊరికే రాలేదు. 2009లో ఐసీఎంఆర్, పాత్ అనే సంస్థ కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం వైపు 10–14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకా వేయించాయి. వాళ్లలో హాస్టళ్లలో చదివే మన పిల్లలు చాలామంది. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయాక 2010లో ఆ పని ఆపేశారు. చావులకు టీకాతో సంబంధం లేకపోవచ్చని విచారణ కమిటీ అంది. కానీ అనుమతి తీసుకున్న తీరు తప్పని 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా చెప్పింది.

మేము అనేది ఒక్కటే. అక్కడ జరిగిన అన్యాయం మనల్ని అడగకపోవడం. దానికి జవాబు టీకానూ పరీక్షనూ తరిమెయ్యడం కాదు. తరిమేస్తే నష్టం మళ్లీ మన అమ్మలకూ చెల్లెళ్లకే.

అందుకని మనం అడగాల్సినవి ఇవి. టీకా వేసే ముందు కోయ, గోండి, సవర, ఏ ఊళ్లో ఏ భాషైతే ఆ భాషలో చెప్పాలి. సంతకం అమ్మానాన్నలే పెట్టాలి, వద్దనే హక్కు కూడా ఉండాలి. 30 దాటిన ఆడవాళ్లకు ముఖద్వారం మీద వెనిగర్ లాంటి మందు పూసి చూసే పరీక్షను మన సబ్‌సెంటర్‌లోనే, నర్సమ్మ చేతే చేయించాలి. హెచ్‌ఐవీ మందుల కోసం ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లే అక్కకు అదే రోజు, అక్కడే ఈ పరీక్ష చెయ్యాలి. ఇంకో రోజు కూలి పోగొట్టుకుని, ఎక్కడికి పోతున్నావని అడిగేవాళ్లందరికీ జవాబు చెప్పుకుంటూ ఎవరొస్తారు?

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మను, పిన్నిని, వదినను అడుగుదాం, ఈ పరీక్ష ఎప్పుడైనా చేశారా అని. చెయ్యలేదంటే ఆశా అక్క దగ్గరికి మనమే తోడు వెళ్దాం. మగపిల్లలూ, ఇది మీకూ చెప్తున్నాం.