గ్యాస్ అయిపోలేదు మహాప్రభో, కారిపోయింది!

"గ్యాస్ అయిపోయింది సార్, నింపేస్తే చాలు." వరసగా రెండో వేసవిలోనూ మా మెకానిక్ ఇదే మాట. నాకు ఒళ్ళు మండింది. అయిపోవడానికి అదేమన్నా పెట్రోలా? కారు ఏసీ అంటే మూసి ఉన్న వలయం. అందులో గ్యాస్ ఖర్చవదు, తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి గొట్టాల్లోంచి కొద్దికొద్దిగా తగ్గితే సరే, ఏడాదికే ఖాళీ అయిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే.

ఆ చిల్లు వెతకడం బ్రహ్మవిద్యేమీ కాదు. గ్యాస్ తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి ముందు జాయింట్ల దగ్గర జిడ్డు మరకలు చూడాలి. తర్వాత నైట్రోజన్ నింపి, గేజ్ ముల్లు దిగుతుందేమో కాసేపు ఆగి చూడాలి. దిగితే సబ్బు నురగ రాయండి, బుడగలే చోటు చెప్తాయి. డాష్ బోర్డు లోపలుండే ఇవాపరేటర్ కారితే మాత్రం కాస్త కష్టం, ఒప్పుకుంటా.

నా కారులో జిడ్డు మరక కండెన్సర్ మీద, రాయి తగిలిన చోటే ఉంది. నేనే టార్చి వేసి చూశా. పది నిమిషాల పని!

వెతక్కుండా గ్యాస్ కొట్టడమంటే, మెమరీ లీకవుతున్న సర్వర్ని రీస్టార్ట్ చేసి బగ్ పోయిందనడమే. పైగా కేజీ ఆర్-134ఏ గాల్లో కలిస్తే, వందేళ్ళ లెక్కన సుమారు 1,430 కేజీల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. చిల్లు నా జేబుకొక్కదానికే కాదన్నమాట.

ఈసారి ఎవరైనా "గ్యాస్ అయిపోయింది" అంటే, "ఎటు పోయింది?" అని అడగండి. జవాబు చెప్పాకే డబ్బులివ్వండి.