సరిహద్దు దాటి వచ్చే పొట్లం: సుంకమెంత, రుసుమెంత, అనుమతి ఏది?

అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకొని, పగలంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చదువుకొనే యువకులలో వ్యవసాయ పట్టభద్రులూ ఉన్నారు. వ్యవసాయాధికారి ఉద్యోగానికో, వ్యవసాయ పరిశోధన సేవ పరీక్షకో సిద్ధమయ్యే విద్యార్థి, కోఠి దుకాణాలలోనూ ఆదివారం ఆబిడ్స్ కాలిబాటపైనా దొరకని గ్రంథాన్ని విదేశీ విక్రేత నుండి తెప్పించుకొన్నాడనుకొందాం. అతనికి తెరపై కనిపించిన ధర ఒకటి. నారాయణగూడ హాస్టలు గుమ్మం వద్ద కొరియర్ ఉద్యోగికి చెల్లించవలసి వచ్చే అదనపు మొత్తం మరొకటి. ఆ అదనమంతటినీ అతడు ‘కస్టమ్స్’ అనే ఒక్క మాటతో పిలుస్తాడు. చిక్కంతా ఆ మాటలోనే ఉన్నది.

దిగుమతి పుస్తకాలపై అంతకుముందు లేని 5 శాతం మూల కస్టమ్స్ సుంకాన్ని 2019 జూలై 5న ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్ విధించింది. స్వదేశీ ముద్రణకు ప్రోత్సాహమన్నది చెప్పిన కారణం. ఆ సుంకంపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి ఉంటుంది. ముద్రిత పుస్తకానికి జీఎస్టీ లేదు. అయితే సుంకాన్ని లెక్కించేది పుస్తకం ధరపై మాత్రమే కాదు, రవాణా, బీమా ఖర్చులను కూడా కలిపిన విలువపై. పుస్తకం రూ.4,000, రవాణా రూ.2,000 అనుకొంటే విలువ రూ.6,000. సుంకం రూ.300, సర్‌ఛార్జి రూ.30. ప్రభుత్వానికి చేరేది రూ.330 మాత్రమే. వస్తువు వర్గీకరణ మారితే ఈ రేటు కూడా మారుతుందన్నది వేరే సంగతి.

ఇక రుసుము. సుంకాన్ని తాత్కాలికంగా తాను చెల్లించి, పత్రాలు నడిపించినందుకు కొరియర్ సంస్థ వసూలు చేసేది పన్ను కాదు, సేవకు ప్రతిఫలం. అది రూ.500 అనుకొంటే, దానిపై 18 శాతం జీఎస్టీ మరో రూ.90. పుస్తకానికి లేని జీఎస్టీ దానిని గడప దాకా తెచ్చిన సేవకు ఉన్నదన్నమాట! విద్యార్థి చెల్లించిన రూ.920లో దాదాపు మూడింట రెండు వంతులు రుసుము, దానిపై పన్నే. విలువతో నిమిత్తం లేకుండా పొట్లానికి ఇంత అని వసూలు చేసే ఈ రుసుము పెద్ద సంస్థకు లెక్కలోనికి రాదు. ఒక్క పుస్తకం కొనుక్కొనే విద్యార్థికి అదే అసలు భారం. సుంకం తగ్గించమని కోరేవారు అనేకులు. రుసుమును ఆర్డరు స్థాయిలోనే అంకెలలో చూపించమని కోరేవారు అరుదు. నిజానికి రెండవ కోరికే సులభసాధ్యమైనది, న్యాయమైనది కూడా.

ముందుగా చెప్పడం అసాధ్యమని అనడానికి వీలులేదు. చిన్న పొట్లాలకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుండి తొలగించినపుడు, మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్ల బుకింగును చాలావరకు నిలిపివేసింది. పిల్లలకు ఆవకాయ, అరిసెలు పంపే తెలుగు తల్లిదండ్రులకు ఆ వారాలు గుర్తుండే ఉంటాయి. అక్టోబరు 15 నుండి సేవ పునఃప్రారంభమైనపుడు, అమెరికా సుంకాన్ని బుకింగు కిటికీ వద్దనే ముందుగా వసూలు చేసే పద్ధతి వచ్చింది. అప్పటి రేటు ప్రకటిత విలువలో 50 శాతం. అది భారమే. అయినా చెల్లించేవారికి పొట్లం కదలకముందే మొత్తం తెలిసింది. వెలుపలికి వెళ్లే పొట్లం విషయంలో సాధ్యమైనది లోనికి వచ్చే పొట్లం విషయంలో ఎందుకు సాధ్యం కాదు?

అనిశ్చితి ప్రయోగశాలలకూ తప్పలేదు. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థలు కొనే శాస్త్రీయ పరికరాలకు ఉన్న 5 శాతం జీఎస్టీ రాయితీ 2022 జూలై 18 నుండి తొలగిపోయింది. 2024 జూలై బడ్జెట్ ప్రయోగశాల రసాయనాలపై మూల సుంకాన్ని 10 శాతం నుండి 150 శాతానికి పెంచింది. మద్యసారాన్ని ఆ పేరుతో దిగుమతి చేసుకొంటున్నారన్నది కారణం. సొంత వినియోగానికేనన్న హామీపై కొద్ది దినాలలోనే 10 శాతం రేటును పునరుద్ధరించారు. కొందరి మోసాన్ని అరికట్టడానికి అందరి ప్రయోగాలను ఆపదలో పెట్టడం తొందరపాటు. ఆ సవరణ వేగం మాత్రం ప్రశంసనీయం.

పుస్తకం, పరికరం, రసాయనం వరకు ఇది డబ్బు సమస్య. విత్తనం దగ్గర అది కాదు. విత్తన పొట్లానికి సుంకం చెల్లించి రసీదు తీసుకొన్నంత మాత్రాన దానిని విత్తే హక్కు వచ్చిందని భావించేవారు చదువుకొన్నవారిలో కూడా ఉన్నారు. 1914 నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం కింద వచ్చిన 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, విత్తనానికి దిగుమతి అనుమతి పత్రం, ఎగుమతి దేశపు ఫైటోశానిటరీ ధ్రువపత్రం ఉండాలి. పరిశోధనకు తెప్పించే జన్యు వనరులకు అనుమతి ఇచ్చేది జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ. దాని ప్రాంతీయ కేంద్రం రాజేంద్రనగర్‌లోనే ఉన్నది. నారాయణగూడ నుండి బస్సు ప్రయాణమంత దూరంలో ఉన్న ఈ కేంద్రం పని ఎందరు విద్యార్థులకు తెలుసు? దిగుమతి గోధుమలతో వచ్చిందని చెప్పుకొనే వయ్యారిభామ ప్రతి చేనుగట్టు మీదా కనిపిస్తూనే ఉన్నది. దాని విత్తనాలకు ఏ రేటున సుంకం కట్టినా ఆ నష్టం పూడేది కాదు.

కనుక విస్తరణ శాస్త్రవేత్తలు బోధించవలసినవి రెండు వేర్వేరు పాఠాలు. మొదటిది కొనుగోలుదారు పాఠం: ఆర్డరుకు ముందే సుంకాన్ని, రుసుమును విడివిడిగా అడిగి తెలుసుకోవాలి, నలుగురు కలిసి ఒకే పొట్లంగా తెప్పించుకోవాలి. పై ఉదాహరణలోని రూ.590 అప్పుడు తలకు రూ.150 లోపే. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలే ఇట్టి ఉమ్మడి ఆర్డర్లను ఏడాదికి రెండుసార్లు స్వీకరిస్తే ఇంకా మేలు. రెండవది రైతు పాఠం. 2020లో అనేక దేశాలలో, అడగనివారి ఇళ్లకు విత్తన పొట్లాలు తపాలాలో చేరాయి. ఆ ఆగస్టులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ రాష్ట్రాలను, వ్యవసాయ విశ్వవిద్యాలయాలను అప్రమత్తం చేసింది. అటువంటి పొట్లం మళ్లీ వస్తే దానిని విప్పకూడదు, విత్తకూడదు, చెత్తకుండీలో పారవేయకూడదు. వచ్చిన కవరుతో సహా సమీప వ్యవసాయాధికారికి గాని, క్వారంటైన్ అధికారులకు గాని అప్పగించాలి.